మత్తు మానేసినా ఇల్లు ఎందుకు కుదుటపడదు? ‘రేచల్ గెటింగ్ మ్యారీడ్’ సినిమా విప్పి చూపించే చిక్కుముడి

వ్యసనం మీద వచ్చే సినిమాలు చాలావరకు ఒకే దారిలో నడుస్తాయి. మనిషి తాగుతాడు, ఉద్యోగం పోతుంది, ఇల్లు చెదిరిపోతుంది, చివరికి మానేస్తాడు లేదా చచ్చిపోతాడు. మానేస్తే అక్కడితో కథ కంచికి. 2008లో వచ్చిన ‘రేచల్ గెటింగ్ మ్యారీడ్’ మాత్రం మానేసిన తర్వాతే మొదలవుతుంది. కథానాయిక కిమ్ అప్పటికి తొమ్మిది నెలలుగా మత్తు జోలికి పోలేదు. సినిమా అయిపోయేదాకా ఒక్కసారి కూడా పోదు. అయినా ఇంట్లో ఎవరికీ ఆమె మీద నమ్మకం కుదరదు, ఆమెకూ ఆ ఇంట్లో ఊపిరాడదు.

సినిమా చూసినవాళ్ళు ఇక్కడే రెండు జట్లుగా చీలిపోతారు. “మానేసింది కదా, ఇంకా ఎందుకు సాధిస్తారు ఆ పిల్లని?” అని ఒక జట్టు. “అంత చేసి, అక్క పెళ్ళిలో కూడా తన గోలేనా?” అని ఇంకో జట్టు. మన దగ్గర డీ-అడిక్షన్ సెంటర్ నుంచి ఒక మనిషి తిరిగొస్తే చుట్టాల మధ్య నడిచే వాదన కూడా ఇదే. మత్తు మానడం, మనిషి కోలుకోవడం, ఇంటివాళ్ళు క్షమించడం అనే మూడు పనుల్ని ఒకే పనిగా చూడడం వల్ల ఈ వాదన తెగదు. ఈ మూడింటినీ విడదీసి చూపించడమే ఈ సినిమా చేసిన గొప్ప పని. కథ చివరిదాకా ఇక్కడ ప్రస్తావనకు వస్తుంది, చూడనివాళ్ళు గమనించగలరు.

పెళ్ళింటికి సెలవు మీద వచ్చిన చెల్లెలు

దర్శకుడు జొనాథన్ డెమీ. కథ, స్క్రీన్‌ప్లే రాసింది జెన్నీ లూమెట్, హాలీవుడ్‌లో పేరు మోసిన దర్శకుడు సిడ్నీ లూమెట్ కూతురు. కిమ్‌గా ఆన్ హాథవే నటించింది. ఆ పాత్రకు ఆమె ఉత్తమ నటి ఆస్కార్‌కు నామినేట్ అయింది. అక్క రేచల్‌గా రోజ్‌మేరీ డివిట్, తండ్రి పాల్‌గా బిల్ ఇర్విన్, తల్లి ఆబీగా డెబ్రా వింగర్ చేశారు. కథ జరిగేది అమెరికాలోని కనెక్టికట్‌లో, ఒక పెద్ద ఇంట్లో, పెళ్ళి చుట్టూ ఉన్న రెండు మూడు రోజుల్లో.

కిమ్ రీహాబ్ నుంచి పెళ్ళి కోసం వస్తుంది. తల్లిదండ్రులు విడిపోయారు, ఇద్దరూ మళ్ళీ పెళ్ళిళ్ళు చేసుకున్నారు. పదహారేళ్ళ వయసులో కిమ్ పెర్కొసెట్ మాత్రలు మింగి, తమ్ముడు ఈథన్‌ని కారులో తీసుకెళ్ళింది. కారు వంతెన మీద నుంచి చెరువులో పడింది. వాడిని కారులోని పిల్లల సీటు నుంచి విడిపించలేకపోయింది. పసివాడు నీళ్ళలోనే పోయాడు. పెర్కొసెట్ అంటే ఆక్సికోడోన్, పారాసిటమాల్ కలిసిన నొప్పి మాత్ర. ఆక్సికోడోన్ నల్లమందు కుటుంబానికి చెందిన ఓపియాయిడ్. వీధి చివర మత్తుమందు కాదు, డాక్టర్ చీటీ మీద దొరికే మందే.

తెలుగువాళ్ళకు ఈ సినిమాలో వింతగా అనిపించే సంగతి ఇంకొకటి ఉంది. పెళ్ళికూతురు, తోటి పెళ్ళికూతుళ్ళు అందరూ చీరల్లో ఉంటారు. కేకు ఏనుగు ఆకారంలో ఉంటుంది. ఆ ఇంట్లో భారతీయులెవరూ లేరు, ఈ ముచ్చట ఎందుకో సినిమా చెప్పదు. డెక్లాన్ క్విన్ కెమెరాను చేత్తో పట్టుకుని, ఎవరో బంధువు పెళ్ళి వీడియో తీస్తున్నట్టు తీశాడు. విడిగా బ్యాక్‌గ్రౌండ్ సంగీతం లేదు, ఇంట్లో తిరిగే కళాకారులు వాయించేదే సంగీతం. అందువల్ల మనం కూడా పిలుపు అందుకుని వెళ్ళిన అతిథుల్లా ఒక మూల నిలబడి ఆ ఇంటి గొడవ చూస్తున్నట్టు ఉంటుంది. ఎవరి పక్షం తీసుకోవాలో తెలియని ఇబ్బంది కూడా అతిథి ఇబ్బందే.

డీటాక్స్, రీహాబ్, రికవరీ: మూడూ ఒకటి కావు

డీటాక్స్ అంటే ఒంట్లోంచి మత్తు దిగిపోయే దశ. రోజూ అలవాటైన పదార్థం ఒక్కసారిగా ఆగిపోతే శరీరం తిరగబడుతుంది. వణుకు, చెమటలు, వాంతులు, నిద్ర పట్టకపోవడం ఉంటాయి. మద్యం విషయంలో ఫిట్స్, మతి భ్రమించడం దాకా పోయి ప్రాణం మీదికి రావచ్చు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టి దుకాణాలు, కల్లు కాంపౌండ్లు మూసేసినప్పుడు హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయానికి జనం పోటెత్తింది ఇందుకే. వాళ్ళలో ఎవరూ “మానేద్దాం” అనుకుని మానలేదు. సరుకు దొరక్క ఒళ్ళు తిరగబడింది. డీటాక్స్ సాధారణంగా కొన్ని రోజుల్లో ముగుస్తుంది.

రీహాబ్ దాని తర్వాతి మజిలీ. వారాలో నెలలో ఒక చోట ఉంచి, కౌన్సెలింగ్, గ్రూప్ సమావేశాలు, దినచర్య, అవసరమైతే మందులతో మత్తు లేకుండా బతకడం అలవాటు చేస్తారు. అక్కడ అంతా మనిషికి అనుకూలంగా అమర్చి ఉంటుంది. సీసా కనబడదు, పాత స్నేహితులు ఉండరు, పాత గొడవలు గేటు బయటే ఆగిపోతాయి.

రికవరీ మొదలయ్యేది ఆ గేటు దాటి ఇంటికి వచ్చాక. దీనికి ఇన్ని రోజులని గడువు లేదు. కిమ్ పరిస్థితి చూడండి. ఆమె ఒళ్ళు శుభ్రంగా ఉంది. రీహాబ్‌లో ఎలా మాట్లాడాలో ఆరితేరింది. కానీ ఇంట్లో ప్రతి గదిలోనూ ఈథన్ ఉన్నాడు.

సినిమాలో అందరికీ గుర్తుండిపోయే సీన్ ఒకటి ఉంది. గిన్నెలు కడిగే డిష్‌వాషర్‌లో ఎవరు వేగంగా, పొందికగా పళ్ళేలు సర్దుతారని తండ్రికీ కాబోయే అల్లుడు సిడ్నీకీ పందెం. ఇల్లంతా కేరింతలు. తండ్రిని గెలిపించాలన్న ఉత్సాహంతో కిమ్ అల్మారాలోంచి ఇంకొన్ని పళ్ళేలు తెచ్చి అందిస్తుంది. ఆ దొంతరలో ఈథన్ చిన్నప్పటి పళ్ళెం ఉంది. పాల్ చెయ్యి దాని మీద ఆగిపోతుంది, మాట ఆగిపోతుంది, గదిలోంచి వెళ్ళిపోతాడు. ఇందులో కిమ్ తప్పు వెతికితే ఏమీ దొరకదు. మత్తులో లేదు, కావాలని చేయలేదు, సాయం చేయబోయింది. అయినా పళ్ళెం తెచ్చింది ఆమె చెయ్యే. రీహాబ్‌లో ఏ తరగతీ ఈ క్షణానికి మనిషిని సిద్ధం చేయలేదు.

పన్నెండు మెట్లు, అందులో తొమ్మిదోది

పెళ్ళి పనుల మధ్య కూడా కిమ్ మీటింగ్‌కి వెళ్ళొస్తుంది. ఈ మీటింగుల పద్ధతి 1935లో ఒహాయో రాష్ట్రంలోని ఆక్రన్‌లో మొదలైంది. బిల్ విల్సన్ అనే స్టాక్ బ్రోకర్, డాక్టర్ బాబ్ స్మిత్ అనే సర్జన్, ఇద్దరూ తాగుడుతో చితికిపోయినవాళ్ళు, ఒకరి గోడు ఒకరు వింటూ ఉంటే తాగకుండా ఉండగలుగుతున్నామని గమనించారు. అలా పుట్టిందే ఆల్కహాలిక్స్ అనానిమస్. 1953లో కాలిఫోర్నియాలో మత్తుమందుల వాళ్ళ కోసం ఇదే పద్ధతిలో నార్కోటిక్స్ అనానిమస్ వచ్చింది. ఫీజు లేదు, ఇంటిపేరు చెప్పనక్కర్లేదు, డాక్టర్లు నడపరు.

ఈ మీటింగుల్లో పాటించే పన్నెండు మెట్లలో మొదటిది “ఇది నా చేతిలో లేదు” అని ఒప్పుకోవడం. తర్వాత మనకన్నా పెద్ద శక్తి మీద భారం వేయడం, తన తప్పుల చిట్టా తానే రాసుకోవడం, దాన్ని ఇంకొకరి ముందు చెప్పడం వస్తాయి. ఎనిమిదో మెట్టు, తన వల్ల నష్టపోయినవాళ్ళ పేర్లు రాసుకోవడం. తొమ్మిదో మెట్టు, వీలైనచోట వాళ్ళకు నేరుగా ఆ నష్టం సరిదిద్దడం. అయితే అలా చేయడం వల్ల వాళ్ళకో ఇంకొకరికో మళ్ళీ దెబ్బ తగిలేటట్టయితే చేయకూడదు అన్న మినహాయింపు ఆ మెట్టులోనే ఉంది. ఈ రెండో సగాన్ని చాలామంది మర్చిపోతారు.

ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకుందాం. ఒకాయన తాగుడు రోజుల్లో బావమరిది దగ్గర 50 వేలు అప్పు చేసి ఎగ్గొట్టాడు, కూతురి స్కూల్ ఫంక్షన్‌కి తాగి వెళ్ళి పరువు తీశాడు, భార్యకు తెలియకుండా ఇంకో సంబంధం నడిపాడు. ఇప్పుడు మానేశాడు. బావమరిది విషయం తేలిక, నెలకు కొంత చొప్పున డబ్బు తిరిగి ఇవ్వాలి. “సారీ బావా” అంటే అప్పు తీరదు. కూతురి విషయంలో ఇవ్వడానికి డబ్బు లేదు. వచ్చే ఫంక్షన్‌కి, ఆ తర్వాతి ఫంక్షన్‌కి మామూలుగా వెళ్ళి కూర్చోవడమే సరిదిద్దడం, దానికి ఏళ్ళు పడుతుంది. మూడోది చిక్కు. ఎప్పుడో ముగిసిపోయిన సంబంధం గురించి ఇప్పుడు భార్యకు చెబితే ఆయన గుండె బరువు దిగుతుంది, అది ఆమె గుండె మీదికి ఎక్కుతుంది. చెప్పాలా వద్దా అన్నది తొమ్మిదో మెట్టు దగ్గర తలలు పండినవాళ్ళు కూడా తర్జనభర్జన పడే ప్రశ్న. దాచడం ఇంకో మోసమని కొందరంటారు. చెప్పడం స్వార్థమని కొందరంటారు.

ఇప్పుడు కిమ్ దగ్గరికి వద్దాం. పెళ్ళికి ముందు ఒక రాత్రి జరిగిన విందులో ఒక్కొక్కరూ లేచి వధూవరుల గురించి నాలుగు మంచి మాటలు చెబుతున్నారు. కిమ్ లేస్తుంది. తనను తాను లయకారుడైన శివుడిగా, ఈ సాయంత్రానికి అపశకునంగా పరిచయం చేసుకుంటుంది. రీహాబ్ గురించి, మెట్ల గురించి చెప్పుకుంటూ పోయి, అందరి ముందూ అక్కకు క్షమాపణ చెబుతుంది. బల్ల చుట్టూ జనం ఎక్కడ చూడాలో తెలియక గ్లాసుల వంక చూస్తారు. ఆ రాత్రి రేచల్ నిప్పులు కక్కుతుంది. నా పెళ్ళి విందును నీ మీటింగ్ చేసేశావంటుంది.

కిమ్‌ని సమర్థించేవాళ్ళ మాట ఇది: ఆమె నిజాయితీగా చెప్పింది, నవ్వించబోయి తడబడింది, అంతేగా. ఆ భయం, ఆ తొందర అర్థం చేసుకోవాలి. రేచల్‌ని సమర్థించేవాళ్ళ మాట ఇది: క్షమాపణ ఎవరికి చెబుతున్నామో వాళ్ళకు దక్కాలి. నలుగురి ముందు చెప్పిన క్షమాపణకు “నేను క్షమించలేను” అని జవాబు చెప్పే హక్కు కూడా పోతుంది. నా మటుకు రేచల్ మాటే నిలుస్తుంది. మెట్టు ఎక్కడానికీ, మెట్టు ఎక్కానని చూపించుకోవడానికీ మధ్య తేడాను ఆమె పట్టుకుంది. అయితే ఆ గొడవ మధ్యలోనే రేచల్ తాను గర్భవతినని ప్రకటిస్తుంది. ఇల్లంతా ఆనందంతో కేకలు వేస్తుంది, కిమ్ మాత్రం “ఇది అన్యాయం” అంటుంది. మాట తెగేలోపు ఇంకో పెద్ద వార్త తెచ్చి పెట్టి తప్పించుకుందని ఆమె గోడు. అదీ నిజమే. నలుగురి చూపు కోసం ఇద్దరు అక్కచెల్లెళ్ళు ఏళ్ళ తరబడి పోటీ పడుతున్నారని అక్కడ తెలుస్తుంది. ఆ పోటీ ఏ మాత్రలతోనూ మొదలుకాలేదు, మాత్రలు మానినంత మాత్రాన పోదు.

జబ్బా, చేజేతులా చేసుకున్నదా?

ఈ ఇంటి గొడవ కింద ఒక పాత వాదన ఉంది. వ్యసనం జబ్బయితే కిమ్‌ని తప్పుపట్టకూడదు. కోరి తెచ్చుకున్నదైతే జాలిపడకూడదు. నిజానికి ఈ రెండు ముక్కల్లోనూ తర్కం తిన్నగా లేదు.

జబ్బు అనేవాళ్ళ వైపు నుంచి చూద్దాం. అమెరికన్ మెడికల్ అసోసియేషన్ 1956లోనే తాగుడు జబ్బును వైద్యులు చికిత్స చేయాల్సిన వ్యాధిగా గుర్తించింది. 2013లో వచ్చిన అమెరికా మానసిక వైద్యుల నిర్ధారణ గ్రంథం ఐదో కూర్పు 11 లక్షణాలు ఇస్తుంది: అనుకున్నదానికన్నా ఎక్కువ వాడడం, మానాలని చూసి మానలేకపోవడం, బాధ్యతలు గాలికొదలడం లాంటివి. రెండు మూడు ఉంటే స్వల్పం, నాలుగైదు ఉంటే మధ్యస్థం, ఆరు, అంతకన్నా ఎక్కువ ఉంటే తీవ్రం. మన దేశంలోనూ 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తుమందుల దుర్వినియోగంతో ముడిపడిన మానసిక స్థితులను మానసిక అనారోగ్యం కిందికే తెచ్చింది. చికిత్స తర్వాత మళ్ళీ మొదలుపెట్టేవాళ్ళు 40 నుంచి 60 శాతం దాకా ఉంటారని అమెరికా జాతీయ మాదకద్రవ్య పరిశోధన సంస్థ చెబుతుంది. బీపీ, ఆస్తమా రోగులు మందులు సరిగ్గా వాడక మళ్ళీ పడిపోవడం కూడా దాదాపు ఇంతేనని గుర్తుచేస్తుంది.

రెండో వైపు వాదన కూడా గట్టిదే. వియత్నాం యుద్ధానికి వెళ్ళిన అమెరికా సైనికుల్లో దాదాపు ఐదో వంతు అక్కడ హెరాయిన్ లాంటి వాటికి బానిసలయ్యారు. ఇంటికి వచ్చిన మొదటి ఏడాదిలో వాళ్ళలో మళ్ళీ బానిసలైనవాళ్ళు 5 శాతమేనని పరిశోధకురాలు లీ రాబిన్స్ అధ్యయనం తేల్చింది. మెదడు ఒకసారి పాడైతే ఇక అంతే అయితే ఇది ఎలా సాధ్యం? చుట్టూ ఉన్న బతుకు మారితే చాలామంది తమంతట తామే బయటపడతారని వీళ్ళు చూపిస్తారు. జబ్బు అన్న ముద్ర వేస్తే మనిషి చేతులెత్తేస్తాడని భయపడతారు.

బండి నడిపేటప్పుడు ఫిట్స్ వచ్చిన మనిషిని ఊహించుకోండి. ఫిట్స్ రావడం ఆయన తప్పు కాదు. ఫిట్స్ వస్తాయని తెలిసీ మందు వేసుకోకుండా స్టీరింగ్ పట్టుకోవడం ఆయన బాధ్యతే. కిమ్ విషయం ఇలాంటిదే. పదహారేళ్ళ పిల్ల బానిస కావడం ఒక ప్రశ్న, ఆ రోజు కారు తాళాలు తీసుకోవడం ఇంకో ప్రశ్న. మీటింగ్‌లో ఆమె ఈ రెంటినీ కలపదు. జబ్బు అన్న మాటను అడ్డం పెట్టుకోదు. నన్ను నేను క్షమించుకోలేను, నన్ను క్షమించే దేవుడిని నమ్మాలని కూడా అనిపించదు, కానీ మత్తు లేకుండా బతకాలని ఉంది అన్న అర్థంలో మాట్లాడుతుంది. రికవరీ గురించి సినిమాల్లో విన్న మాటల్లో ఇంత నిజమైనది నాకు అరుదుగా తగిలింది. క్షమాపణ దొరికితేనే మానతాను అనే షరతు అందులో లేదు.

అబద్ధం చెప్పి మానేస్తే అది మానేసినట్టా?

సెలూన్ సీన్ దగ్గర చిక్కు ఇంకొంచెం బిగుస్తుంది. అక్కచెల్లెళ్ళు తల దువ్వించుకుంటూ ఉంటే, కిమ్‌తో ఒకప్పుడు రీహాబ్‌లో ఉన్న ఒకతను వచ్చి ఆమెకు కృతజ్ఞతలు చెబుతాడు. నీ చిన్నప్పుడు నీకూ మీ అక్కకూ జరిగిన లైంగిక హింస గురించి, మీ అక్క తిండి మానేసి నీరసించిపోవడం గురించి నువ్వు ధైర్యంగా చెప్పిన తీరే నన్ను నిలబెట్టింది అంటాడు. అవన్నీ కిమ్ కల్పించిన కథలు. రేచల్ లేచి వెళ్ళిపోతుంది.

ఆ అబద్ధం ఒక మనిషికి నిజంగానే మేలు చేసింది, ఆ సంగతి సినిమా దాచదు. కిమ్ ఎందుకు చెప్పిందో ఊహించడం కూడా కష్టం కాదు. తమ్ముడి సంగతి చెప్పలేక, దానికి బదులు తాను దోషి కాకుండా బాధితురాలయ్యే కథ చెప్పింది. కానీ చికిత్స పద్ధతులన్నీ, మెట్లయినా కౌన్సెలింగయినా, మనిషి నిజం చెబుతాడన్న నమ్మకం మీదే నిలబడతాయి. రేచల్ మానసిక శాస్త్రం చదువుతున్న మనిషి, ఈ సంగతి ఆమెకు ఇంకా బాగా తెలుసు. ఆమె కోపం తన పేరు వాడుకున్నందుకు మాత్రమే కాదు. ఇన్నేళ్ళు ఇల్లంతా కిమ్ కోలుకోవడం చుట్టూ తిరిగితే, ఆ చికిత్సలో అబద్ధాలు నడిచాయే అని.

అన్నట్టు, సినిమా చూసి చికిత్స అంటే మీటింగులే అనుకుంటే పొరపాటు. ఓపియాయిడ్ వ్యసనానికి బుప్రెనార్ఫిన్, మెథడోన్ లాంటి మందులున్నాయి, అవి చావుల్ని తగ్గిస్తాయి. కొన్ని నెలలు మానేసినవాళ్ళ ఒంటికి పాత మోతాదు తట్టుకునే శక్తి పోతుంది, అందుకే రీహాబ్ నుంచి బయటికొచ్చిన తొలి వారాల్లో ఓవర్‌డోస్ ప్రమాదం ఎక్కువ. మరోవైపు మీటింగులు ఉత్త భజన అనేవాళ్ళకూ జవాబుంది. 2020లో వైద్య పరిశోధనలను జల్లెడ పట్టే కోక్రేన్ సంస్థ 27 అధ్యయనాలు కలిపి చూసి, మద్యం పూర్తిగా మానేసి నిలబడడంలో ఈ మెట్ల పద్ధతి తక్కిన కౌన్సెలింగ్ పద్ధతులకు తీసిపోదని, కొన్నిచోట్ల మెరుగని తేల్చింది.

తల్లి దగ్గర అడగకూడని ప్రశ్న

పెళ్ళి ముందు రాత్రి కిమ్ తల్లి ఇంటికి వెళ్తుంది. నేను బానిసనని నీకు తెలుసు కదా, మరి తమ్ముణ్ణి నా చేతికి ఎందుకు అప్పగించావు అని అడుగుతుంది. నువ్వు వాడిని బాగా చూసుకునేదానివి, వాడి దగ్గర ఉన్నప్పుడే నువ్వు బాగుండేదానివి అన్నట్టు చెబుతుంది ఆబీ. మాట పెరుగుతుంది. తల్లి కొడుతుంది, కూతురు తిరిగి కొడుతుంది. కిమ్ ఏడుస్తూ కారు తీసుకుపోయి అడవిలో గుద్దేస్తుంది. పొద్దున పోలీసులు వచ్చి శ్వాస పరీక్ష చేస్తే మత్తు ఏమీ ఉండదు. ప్రేక్షకుడు రాత్రంతా దేనికి భయపడ్డాడో అది జరగలేదు.

కిమ్ అడిగింది తప్పించుకోవడానికే అని కొందరంటారు. తన నేరంలో తల్లికి వాటా పంచుతోందని. కానీ ఆ ప్రశ్నకు విలువ లేకపోతే ఆబీ చెయ్యి లేచేది కాదు. ఆ ఇంట్లో ఏళ్ళుగా ఒక ఏర్పాటు నడుస్తోంది: తప్పంతా కిమ్‌ది, తక్కినవాళ్ళందరూ నష్టపోయినవాళ్ళు. తండ్రి పాల్ దాన్ని తిండి పెడుతూ, ఎక్కడికి వెళ్తున్నావని అడుగుతూ, గొడవ వస్తే సర్దిచెబుతూ మోస్తున్నాడు. ఆబీ దూరంగా ఉంటూ మోస్తోంది. వ్యసనపరుడు మానేస్తే ఈ ఏర్పాటుకు కాళ్ళు ఊడిపోతాయి, అందరూ తమ వాటా చూసుకోవాల్సి వస్తుంది. మానేసిన తర్వాత కొన్ని ఇళ్ళలో గొడవలు తగ్గకపోగా పెరగడానికి ఇదొక కారణం.

దెబ్బల ముఖంతో వచ్చిన చెల్లెలికి రేచల్ స్నానం చేయించి చీర కడుతుంది. క్షమించాను అనే మాట రాదు. పెళ్ళి జరుగుతుంది. వెళ్ళిపోబోతున్న తల్లిని, చెల్లెల్ని దగ్గరికి తేవాలని రేచల్ చూస్తుంది, ఆబీ ఉండదు, వెళ్ళిపోతుంది. మర్నాడు కిమ్ రీహాబ్‌కి తిరిగి వెళ్తుంది.

ఇంటివాళ్ళ చికిత్స సంగతి

బిల్ విల్సన్ భార్య లోయిస్ 1951లో అల్-అనాన్ మొదలుపెట్టింది తాగేవాళ్ళ కోసం కాదు, వాళ్ళ ఇంటివాళ్ళ కోసం. అక్కడ మొదట చెప్పేవి మూడు మాటలు: ఇది నీ వల్ల రాలేదు, నువ్వు అదుపు చేయలేవు, నువ్వు నయం చేయలేవు. ఈ మాటలు మరీ చేతులు దులుపుకునేలా ఉన్నాయని విమర్శించేవాళ్ళూ ఉన్నారు. వాళ్ళు క్రాఫ్ట్ అనే పద్ధతిని ముందుకు తెస్తారు. అందులో భార్యకో తల్లికో శిక్షణ ఇస్తారు: మత్తులో లేనప్పుడు దగ్గరికి తీసుకోవడం, మత్తులో చేసిన పనికి వచ్చే నష్టాన్ని తాము కప్పిపుచ్చకపోవడం, తమ బతుకు తాము చూసుకోవడం. ఒప్పుకోని మనిషిని చికిత్సకు తీసుకురావడంలో ఇది బాగా పనిచేస్తుందని పరిశోధనలు చూపించాయి.

మన దగ్గర ఇంటివాళ్ళకు దొరికే సలహా ఇప్పటికీ ఎక్కువగా ఓర్చుకోమని, లేదా పెళ్ళి చేస్తే దారికొస్తాడని. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట నుంచి లేచిన సారా వ్యతిరేక ఉద్యమంలో ఆడవాళ్ళు దుకాణాల మీద పడ్డారు. దాని ఫలితంగా 1995లో వచ్చిన మద్య నిషేధం 1997లో సడలిపోయింది. ఆ ఇళ్ళలో ఏళ్ళ తరబడి తాగుడును భరించిన మనుషుల మనసుకు ఏమైంది అన్నది మాత్రం అప్పుడూ ప్రభుత్వాల పట్టికలోకి రాలేదు. డీ-అడిక్షన్ కేంద్రాలు కుటుంబానికి కౌన్సెలింగ్ ఇవ్వాలని ఇప్పుడు కేంద్ర ప్రభుత్వ పథకాల్లో ఉంది. టోల్‌ఫ్రీ నంబర్ 14446కి ఇంటివాళ్ళు కూడా ఫోన్ చేయొచ్చు.

కిమ్ ఇంట్లో కొడుకును పోగొట్టుకున్న తల్లి ఉంది, తండ్రి ఉన్నాడు, తమ్ముణ్ణి పోగొట్టుకున్న అక్క ఉంది. సినిమాలో మనకు కనిపించినంతవరకు, ఆ చావు గురించి నలుగురి ముందు కూర్చుని మొదటి నుంచి చివరిదాకా మాట్లాడింది కిమ్ ఒక్కతే. అదీ తెలియనివాళ్ళ మధ్య, మీటింగ్‌లో.